పెద్దమ్మ మంచం మీది చుక్క

మా అత్తయ్య టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. ఎవరికి వాళ్ళు నంబరు తిప్పుకుని మాట్లాడుకునే రోజులు ఇంకా రాని కాలంలో ఆవిడ ఉద్యోగంలో చేరింది. లైనులో గరగర తప్ప ఏమీ వినిపించనప్పుడు తనే మధ్యలో కూర్చుని ఇవతలి మాట అవతలికీ, అవతలి మాట ఇవతలికీ చేరవేసేది. చేరవేసే ముందు మాటకి కాస్త నూనె రాసేది.

"ఒకాయన 'నీ మొహం చూడను పో' అంటున్నాడు. నేను వాళ్ళావిడకి, 'మీరు లేకపోతే ఆయనకి ఏమీ తోచడం లేదటమ్మా' అని చెప్పాను. ఫోను పెట్టేసేటప్పటికి ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది" అని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటుంది. ఆ తర్వాత ఆ మొగుడూ పెళ్ళాలు ఏమయ్యారని నేనొకసారి అడిగాను. "అది ఎక్స్‌ఛేంజీ పని కాదు" అంది.

రిటైరయ్యాక కూడా ఆవిడకి ఆ పని తప్పలేదు. ఇంట్లోనే ఒక లైను చెడిపోయి ఉంది. దానికి ఒక కొసన మామయ్య, రెండో కొసన మామయ్య అక్కగారు.

మామయ్య అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. జీవితమంతా ఇతరుల తప్పుల కింద ఎర్రగీతలు గీసి గీసి, తప్పనేది ఎప్పుడూ ఇతరులే చేస్తారన్న నమ్మకం ఆయనలో పాతుకుపోయింది. ఇంటికొచ్చిన కరెంటు బిల్లులో కూడా ఊడిపోయిన దీర్ఘం పెట్టిగానీ కట్టేవాడు కాదు. అక్కగారు పెద్దాసుపత్రిలో హెడ్ నర్సుగా చేసింది. నాకు వరసకి పెద్దమ్మ. పెళ్ళి చేసుకోలేదు. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది. డాక్టర్లు కూడా ఆవిడ ఎదురుపడితే చేతులు కడుక్కున్నామో లేదో ఒకసారి గుర్తుచేసుకునేవారట.

ఇల్లు అక్కాతమ్ముళ్ళిద్దరిదీ. వీధివైపు గదులు మామయ్యవాళ్ళవి, వెనకగది పెద్దమ్మది. పాత పెంకులు పగిలి, వాసాలు పుచ్చిపోయినప్పుడు మామయ్య వాటిని తీసేయించి వంపుల ఇనుప రేకులు వేయిద్దామన్నాడు. పెద్దమ్మ వద్దంది. రేకు ఎండకి కాలుతుంది, వానకి మోగుతుంది, ఇవాళ కాకపోతే రేపు కారుతుంది, అన్నిటికీ మించి దాని కింద తన రేడియో పలకదు అంది. రేడియోకీ రేకుకీ ఏం సంబంధమని మామయ్య నవ్వాడు. మాటా మాటా పెరిగింది. చివరికి మామయ్య విసుగొచ్చి, "అంత ఇష్టం లేకపోతే నీకు విడిగా ఏర్పాటు చేయిస్తాలే" అన్నాడు.

పెద్దమ్మ లేచి గదిలోకి వెళ్ళిపోయింది. రేకుల కోసం ఇంత అలకేమిటని మామయ్యా బిగుసుకున్నాడు. రేకులు వేయడం పూర్తయింది. అక్కాతమ్ముళ్ళ మధ్య మాటలు మాత్రం ఆగిపోయాయి.

అప్పటినుంచి ఏ కబురైనా అత్తయ్య ద్వారానే. "వాడికి చెప్పు, ఫ్యూజు పోతే చూసేపాటి బుద్ధి కూడా లేదా అని" అనేది పెద్దమ్మ చీకట్లోంచి.

అత్తయ్య ముందుగదిలోకొచ్చి, "వదినగారి గదిలో కరెంటు పోయిందండీ. మీరైతే చిటికెలో బాగుచేస్తారంటున్నారు" అనేది.

"ఇప్పుడు గుర్తొచ్చానా? కూర్చోమను చీకట్లో."

అత్తయ్య వెనక్కెళ్ళి, "వస్తున్నారు వదినా, టార్చి వెతుక్కుంటున్నారు" అనేది. తర్వాత తనే టార్చి వెతికి తెచ్చి మామయ్య చేతిలో పెట్టేది. ఇంతా అయ్యాక ఫ్యూజు వేయని మగవాడుంటాడా. మామయ్య వేసేవాడు. ఇలా ఏళ్ళు గడిచాయి. ఇల్లు సజావుగా నడుస్తోందనీ, అది తన చలవేననీ అత్తయ్య నమ్మకం.

ఆ ఏడు వానలు పట్టుకోగానే పెద్దమ్మ మంచం మీద, కాళ్ళవైపు, ఒక చుక్క పడింది.

ఇంకొకరైతే ఇల్లెగిరిపోయేలా అరిచేవారు. పెద్దమ్మ నోరు మెదపలేదు. రేకులు వేసిన రోజునుంచీ ఆవిడ ఎదురుచూస్తున్న చుక్క అది. పక్క చుట్టేసి, మంచం ఓరగా జరిపి, వెడల్పాటి స్టీలు గిన్నె పెట్టింది. అడుగున గుడ్డముక్క వేస్తే చప్పుడు రాదని అత్తయ్య సలహా ఇస్తే, "చప్పుడు రావాలనే పెట్టాను" అంది. టంగు, టంగుమని ఆ చప్పుడు నడవ దాటి, వంటిల్లు దాటి, ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మామయ్య చెవిదాకా వచ్చేది. ఆయన పేపరు ఇంకాస్త పైకెత్తి పట్టుకునేవాడు.

"వదినగారి గదిలో కారుతోందండీ" అంది అత్తయ్య.

"కారడం కాదది. రేకుకి చెమట. బయట చల్లగా ఉండి లోపల వెచ్చగా ఉంటే పడుతుంది. అంతే."

ఇందులో నూనె రాయాల్సిందేమీ లేదనిపించి అత్తయ్య ఆ మాటను ఉన్నదున్నట్టు మోసుకెళ్ళింది. పెద్దమ్మ గిన్నె వైపు చూసింది. "చెమట పడితే జ్వరం దిగాలి. ఇది సెలైన్ ఎక్కించినట్టు ఆగకుండా పడుతోంది. రోగం ముదిరాక నా దగ్గరికి రావద్దని చెప్పు."

ముందుగదికి చేరేసరికి ఈ కబురు, "మీరన్నట్టు చెమటేనేమో అంటున్నారు వదినగారు. ఒకసారి మేస్త్రీ చేత చూపిస్తే మీ మాటే రుజువవుతుందట" అని మారింది. మామయ్యకి ఈ ఏర్పాటు నచ్చింది.

రేకుల మేస్త్రీ వచ్చాడు. వచ్చాడంటే గేటు దాకా వచ్చాడు. స్కూటరు దిగలేదు, ఇంజను ఆపలేదు. హెల్మెట్టు అద్దం పైకెత్తి ఇంటికప్పు వంక ఒకసారి చూసి, "కారుతుంటుందండీ" అన్నాడు.

"ఎక్కడ?" అన్నాడు మామయ్య.

"అది మీరే కనిపెట్టి సుద్దముక్కతో గుర్తు పెట్టి ఉంచండి. వానాకాలం కదా, ఊరంతా నన్నే పిలుస్తారు. కన్నం తెలిస్తే మూసేది క్షణంలో పని."

"మరి కనిపెట్టడం మీ పని కాదా?"

"కనిపెట్టడమే కదండీ కష్టం" అన్నాడు మేస్త్రీ, ఏమాత్రం మొహమాటం లేకుండా.

అయినా పాపం, కనిపెట్టే పద్ధతి చెప్పిగానీ కదల్లేదు. చుక్క పడే చోటికి సరిగ్గా పైన కన్నం ఉంటుందనుకోవద్దన్నాడు. నీళ్ళు ఎక్కడో దూరి, రేకు అడుగునా, దాన్ని మోసే ఇనుప కమ్మీ వెంటా పాక్కుంటూ వచ్చి, తమకి తోచిన చోట పడతాయన్నాడు. ఎండ కాసిన పూట గది తలుపులూ కిటికీలూ మూసి చీకటి చేసి పైకి చూస్తే కన్నం వెలుగుచుక్కలా కనిపించాలి. కనిపించకపోతే ఒకళ్ళు పైకెక్కి గొట్టంతో నీళ్ళు పట్టాలి, ఒకళ్ళు లోపల కూర్చుని చూడాలి. ముందు చూరు దగ్గర మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కొప్పు దాకా పైకి పోవాలి. "పైనుంచి మొదలెట్టారో, ఇల్లంతా తడుస్తుంది, సంగతి మాత్రం తేలదు" అని చెప్పి, అద్దం దించుకుని వెళ్ళిపోయాడు.

వాన తెరిపిచ్చిన మధ్యాహ్నం వదినా మరదళ్ళిద్దరూ వెనకగది మూసుకుని పైకి చూస్తూ నిలబడ్డారు. అత్తయ్య చీపురుకర్రకి సుద్దముక్క కట్టుకుంది.

"అదిగో వదినా, ఆ కమ్మీ పక్కన. మెరుస్తోంది."

"గుర్తు పెట్టు."

అత్తయ్య కర్రెత్తి గీత గీసింది. "ఉండండి, ఇది కాదు. కుడివైపుకి పోయింది."

"కన్నం పోవడమేమిటే?"

"నిజం వదినా. ఇప్పుడు మళ్ళీ ఇటొచ్చింది."

పెద్దమ్మ తల తిప్పినప్పుడల్లా కన్నం కూడా అటే తిరుగుతోంది. కిటికీ సందులోంచి వచ్చిన ఎండ ఆవిడ కళ్ళజోడు మీద పడి పైకి కొడుతోందని తెలిసేలోపు అత్తయ్య రేకునిండా గీతలు గీసేసింది. తర్వాత అక్కగారు పెరట్లో ఉన్న సమయం చూసుకుని మామయ్య గదిలో తొంగిచూసి, "ఇంత తప్పులతడక ప్రూఫు నా సర్వీసులో చూడలేదు" అన్నాడు. పెరట్లోకి చేరేసరికి ఈ మాట, "చాలా ఓపిగ్గా చూశారట వదినా" అయింది.

ఇక మిగిలింది నీళ్ళ పరీక్ష.

ఆదివారం ఉదయం మామయ్య ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, రబ్బరు అడుగుల బూట్లు తొడుక్కుని, గొట్టం భుజాన వేసుకుని నిచ్చెనెక్కాడు. రేకు సొట్టపడకుండా, అడుగున కమ్మీ ఉన్నచోటే, అంటే స్క్రూల వరస మీదే అడుగులు వేయాలి. అచ్చు అక్షరాల వరస మీద వేలు పెట్టి చదివినట్టు ఆయన ఒక్కో స్క్రూనే చూసుకుంటూ నడిచాడు. లోపల పెద్దమ్మ గిన్నె తీసేసి, మంచాన్ని పాత చోటికి జరిపి, దానిమీదా నేలమీదా పాత పేపర్లు పరిచి, చుక్క పడితే మరక కనిపించేలా ఏర్పాటు చేసుకుని, స్టూలు మీద టార్చితో కూర్చుంది. ఆపరేషన్ మొదలయ్యే ముందు అన్నీ చూసుకున్నట్టు ఒకసారి గది చుట్టూ చూసి, "ఇంక కానిమ్మను" అంది. అత్తయ్య పెరటి గుమ్మంలో నిలబడింది. అక్కడినుంచి మెడెత్తితే రేకుల మీద మామయ్య, మెడ తిప్పితే గదిలో పెద్దమ్మ.

"చూరు దగ్గర పడుతున్నాను. కళ్ళు తెరుచుకుని చూడమను. కునుకు తీయొద్దను" అన్నాడు మామయ్య.

"మొదలుపెట్టారు వదినా. మీరు కింద ఉన్నారని ఆయనకి ధైర్యంగా ఉందట."

పెద్దమ్మ ముక్కుతో ఒక చప్పుడు చేసింది. కాసేపటికి, "ఇక్కడేం లేదు. పైకి జరగమను. తోటకి నీళ్ళు పెట్టినట్టు ఒకేచోట నిలబడి పోయడమేమిటి?" అంది.

"ఇక్కడేం లేదండీ. మీరు బాగా నిదానంగా పడుతున్నారని మెచ్చుకుంటున్నారు."

మెచ్చుకోలు విన్నాక మామయ్య మరింత నిదానించాడు. పెద్దమ్మకి మరింత ఒళ్ళు మండింది. ఆవిడ మాటలకి వేడెక్కువైనకొద్దీ అత్తయ్య వాటిని చల్లార్చి పంపుతోంది. చల్లారినకొద్దీ పైన పని చల్లబడుతోంది. దానికితోడు ఎడమా కుడీ గొడవొకటి. పెద్దమ్మకి ఎడమైనది, కొప్పు వైపు తిరిగి నిలబడ్డ మామయ్యకి ఏమవుతుందో అత్తయ్య గుమ్మంలో రెండు చేతులూ చాచి లెక్క చూసుకునే లోపల ఆయన తోచినవైపు పట్టేసేవాడు. పొద్దు పైకెక్కింది. రేకులు తళతళలాడుతున్నాయి. పేపరు మీద ఒక్క మరక లేదు.

రేకుల కింద కూర్చున్నవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. నీళ్ళు ఎక్కడ పడుతున్నాయో చెవికే తెలిసిపోతుంది. పెద్దమ్మ టార్చి ఆర్పేసి, కళ్ళు మూసుకుని, రోగి గుండె చప్పుడు విన్నట్టు వినడం మొదలుపెట్టింది. చప్పుడు చూరు దగ్గర బయలుదేరి, వరసగా పైకొచ్చి, కొప్పు దగ్గర ఒక మూలకి వచ్చేసరికి గబుక్కున గెంతి అవతలికి పోయింది. ఇంకోసారి విన్నది. మళ్ళీ గెంతింది.

"ఆ మూల వదిలేస్తున్నాడు" అంది పెద్దమ్మ. "గది ఊడవమంటే మంచం కింద వదిలేసే బుద్ధి ఇంకా పోలేదు. అక్కడ పొయ్యమను."

ఆ మూల ఏముందో అత్తయ్యకి తెలుసు. దాన్ని పెద్దమ్మకి చెప్పనని మామయ్యకి మాటిచ్చింది కూడా.

"ఏమండీ, వదినగారు మీకు అలసటగా ఉంటే దిగిపొమ్మంటున్నారు" అంది.

"నాకేం అలసట లేదు. అవతలి వాలు చూస్తానని చెప్పు."

"ఏమన్నాడు?" అంది పెద్దమ్మ లోపలినుంచి.

"ఆ మూల ఇందాకే పట్టారట వదినా."

"పట్టలేదు. పడితే నాకు చప్పుడు రాదూ?"

"ఏమంటోంది?" అన్నాడు మామయ్య పైనుంచి.

అత్తయ్య ఒకసారి పైకీ, ఒకసారి లోపలికీ చూసింది. ఇన్నేళ్ళ అనుభవంలో రెండు కొసలా ఒకేసారి నిలదీసినవాళ్ళు లేరు. ఏం చెబుతుందో ఏమోగానీ, ఆ అవసరం రాలేదు. పెరటి చివర కుళాయికి తగిలించిన గొట్టం ఊడిపోయింది. నీళ్ళు విసురుగా చిమ్మి, దండెం మీద ఆరేసిన దుప్పట్లన్నిటినీ తడిపేశాయి. అత్తయ్య పరుగెత్తి గొట్టాన్ని కుళాయికి ఎక్కించింది. చెయ్యి తీస్తే ఊడుతోంది. చివరికి రెండు చేతులతోనూ అదిమి పట్టుకుని అక్కడే కూలబడింది. అక్కడినుంచి కేక వేస్తేగానీ ఎవరికీ వినపడదు. ఆవిడకా, జీవితంలో గొంతెత్తి మాట్లాడిన అలవాటు లేదు.

పైన మామయ్య గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. లోపల పెద్దమ్మ మరదల్ని పిలిచింది. జవాబు రాలేదు. మళ్ళీ పిలిచింది. తర్వాత స్టూలు దిగి, చీపురుకర్ర అందుకుని, రేకుని అడుగునుంచి రెండుసార్లు పొడిచింది.

"ఒరేయ్."

మామయ్య కదల్లేదు.

"ఒరేయ్, నిన్నే. కాళ్ళ కింద ఉన్నాను, వినపడుతోందా?"

"ఆఁ, ఏంటక్కా" అన్నాడు మామయ్య. ఇన్నేళ్ళ పంతమూ ఆ ఒక్క మాటతో జారిపోయిందని ఆయనకి ఆ క్షణాన తట్టనే లేదట. పిలిస్తే పలకడం చిన్నప్పటి అలవాటు.

"ఆ మూల పొయ్యరా."

"అక్కడేం లేదక్కా."

"లేకపోతే పొయ్యడానికి భయం దేనికి?"

మామయ్య ఒకటి రెండు అడుగులు వేసి గొట్టం అటు తిప్పాడు. పెద్దమ్మ టార్చి వెలిగించింది. చాలాసేపు ఏమీ కాలేదు. తర్వాత, కొప్పు కిందనుంచి కమ్మీ వెంట సన్నటి మెరుపొకటి నడుచుకుంటూ వచ్చింది. గోడదాకా రాకముందే ఆగి, లావై, మంచం మీద పేపరుపై టప్పున పడింది.

"వచ్చింది" అంది పెద్దమ్మ. "ఇంకోటి. ఇంకోటి. ఆపరా, ఇంక చాలు. ఏముందక్కడ?"

"ఏముంటుంది, స్క్రూ."

"రేకు నిండా స్క్రూలే ఉన్నాయి. అవేవీ కారలేదేం?"

"అవి వంపు మీద కొట్టినవి. ఇది గాడిలో పడింది. వాషరు కూడా ఎండి పగిలిపోయింది."

"నీళ్ళు పారే గాడిలో స్క్రూ కొట్టిన ఆ తెలివితక్కువ దద్దమ్మ ఎవడు?"

కుళాయి దగ్గర అత్తయ్య కళ్ళు మూసుకుంది.

"నేనే" అన్నాడు మామయ్య.

"నువ్వా? ఎందుకు?"

"తీగ కోసం."

"ఏం తీగరా?"

"రేడియో తీగక్కా. రేకులు పడ్డాక నీ రేడియో బరబర తప్ప పలకలేదు కదా. నువ్వన్నది నిజమే. ఇనుము కింద స్టేషను అందదట. కొప్పు మీద కర్ర నిలబెట్టి దానికి రాగితీగ కట్టి నీ కిటికీలోకి దించాను. ఆ కర్రకి కొట్టిన స్క్రూ ఇది."

పెద్దమ్మ కిటికీ వంక చూసింది. రేడియోకి తగిలించిన తీగ ఊచల దాకా వెళ్ళి ఆగిపోతుందనే ఆవిడ ఇన్నాళ్ళూ అనుకుంది. "రేడియో మెకానిక్ చేత బాగుచేయించాను అంది మీ ఆవిడ."

"నేనే చెప్పొద్దన్నాను."

"చెప్పొద్దని నువ్వంటే, చెప్పకుండా ఊరుకోవచ్చు. మెకానిక్‌ని ఎక్కణ్ణించి పుట్టించింది? వాడికి మెల్లకన్ననీ, పాపం ముసలాడనీ, నన్ను ఆస్పత్రిలో చూసి గుర్తుపట్టాడనీ కూడా చెప్పింది."

మామయ్య గొట్టం పక్కన పెట్టి రేకు మీద కూర్చున్నాడు. ఆయనకేదో అనుమానం తగిలింది. "అక్కా, కిందటి వేసవిలో నువ్వు నాకు క్షమాపణ చెప్పమన్నావా?"

"ఎవరికి? నీకా? దేనికి?"

"రేకుల గొడవలో నీదే పొరపాటని."

"నేనెప్పుడూ అనలేదు. నువ్వే నాకు చెప్పి పంపించావు. ఒకసారి కాదు, ఏడాదికోసారి చెప్పి పంపిస్తూనే ఉన్నావు."

"నేనా? ఒక్కసారి కూడా లేదు."

గొట్టంలోంచి నీళ్ళు వాలు వెంట వృథాగా పారుతున్నాయి.

"మరి నేను క్షమాపణ చెప్పాననుకున్నదానివి, నాతో మాట్లాడలేదేం?" అన్నాడు మామయ్య.

"క్షమాపణ చెప్పినవాడు తనే వచ్చి మాట్లాడాలి. పెద్దదాన్ని, నేనొస్తానా? నువ్వెందుకు మాట్లాడలేదు?"

"నేనూ అదే అనుకున్నాను."

"అయినా నేను ఎందుకు చెప్పాలిరా క్షమాపణ? విడిగా ఉండమన్నది నువ్వు."

"నేనెప్పుడన్నాను?"

"విడిగా ఏర్పాటు చేయిస్తానన్నావా, లేదా?"

మామయ్యకి చాలాసేపు పట్టింది గుర్తుతెచ్చుకోవడానికి. "పెంకులక్కా. నీ గదికొక్కదానికీ విడిగా పెంకులు వేయిస్తానన్నాను."

పెద్దమ్మ చీపురుకర్ర కింద పెట్టింది. అది కింద పెట్టిన చప్పుడు విని, అక్క ఏడుస్తోందేమోనని మామయ్య కంగారుపడ్డాడట. పెద్దమ్మ మాత్రం తను ఏడవలేదనీ, ముక్కు చీదానంతేననీ నాతో చెప్పింది. రెండింటికీ తేడా చూసినవాళ్ళెవరూ లేరు.

"పెంకులని ఒక్క మాట అనలేకపోయావా? ఊరందరి వాక్యాలూ దిద్దుతావు" అంది.

"దిగనా?" అన్నాడు మామయ్య.

"చూసి దిగు. ముందు అక్కడ సుద్దతో గుర్తు పెట్టు."

రేకుకి అటూ ఇటూ వాళ్ళు కేకలేసుకుంటున్నదంతా కుళాయి దగ్గర అత్తయ్య మాట పొల్లుపోకుండా విన్నది. లేచి రావడానికి లేదు, వస్తే గొట్టం ఊడుతుంది. తర్వాత నాతో, "నీళ్ళు నా మోచేతుల్లోంచి కారుతున్నాయి. నేను కలిపి ఉంచాననుకున్నాను. తీరా చూస్తే నేనే అడ్డంగా ఉన్నానన్నమాట" అంది. అలా అంటున్నప్పుడు కూడా మొహం కొంచెం చిన్నబోయింది.

ఆవిడ తలనుంచి పాదాలదాకా తడిసి లోపలికొచ్చేసరికి అక్కాతమ్ముళ్ళు నడవలో పక్కపక్కన నిలబడి ఉన్నారు. ఒకే ముక్కు, ఒకే చూపు. పెద్దమ్మ గొంతు సవరించుకుని, "ఏమ్మా, మీ ఆయన ఏమంటున్నాడు?" అని అడిగింది. మామయ్య పక్కనే ఉండి, "మా అక్కకి నా మీద చాలా అభిమానమట, కదూ?" అన్నాడు. ఇద్దరూ నవ్వారు. అత్తయ్యకి నవ్వు రాలేదు. చీరకొంగు పిండుకుంటూ వంటింట్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా పాలగిన్నె తోమడం మొదలుపెట్టింది.

కాసేపటికి పెద్దమ్మ తువ్వాలు తీసుకుని వచ్చింది. అడగకుండానే మరదల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, నర్సు చేతులతో గట్టిగా తల తుడిచింది. "న్యుమోనియా తెచ్చుకుంటావా?" అని కసిరింది. తర్వాత కాస్త తగ్గి, "ఇన్నేళ్ళు నువ్వు మోసుకొచ్చిన మాటల్లో ఒక్కటైనా వాడు నిజంగా అన్నది ఉందా?" అని అడిగింది.

అత్తయ్య నిజాయితీగా ఆలోచించింది. "రేకు చెమట" అంది.

అప్పుడు నవ్వొచ్చింది ఆవిడకి. పెద్దమ్మ నడుముకి తల ఆనించి, తువ్వాలు మొహం మీదికి లాక్కుని నవ్వింది. ఏమిటా నవ్వని మామయ్య గుమ్మంలోంచి అడిగితే, "నీకు చెప్పే సంగతి కాదు" అన్నారు ఇద్దరూ.

ఆ తర్వాత ఆ ఇంట్లో చప్పుడు ఎక్కువైంది. అక్కాతమ్ముళ్ళు ఇన్నేళ్ళ బాకీ తీర్చుకుంటున్నట్టు పొద్దున్న లేచినదగ్గర్నుంచి వాదించుకోవడమే. పేపరు ముందెవరు చదవాలి, కిటికీ ఎంత తెరవాలి, వాళ్ళ చిన్నప్పటి కుక్క నల్లదా, గోధుమరంగుదా. మొదట్లో అత్తయ్య అలవాటుకొద్దీ మధ్యకి వెళ్ళేది. ఇద్దరూ ఆవిణ్ణి దాటి మాట్లాడుకునేవారు. క్రమంగా వెళ్ళడం మానేసింది. ఆవిడకి మధ్యాహ్నాలు చేతిలో మిగలడం మొదలైంది. వాటిని ఏం చేసుకోవాలో కొన్నాళ్ళు తెలియలేదు. నా దగ్గరికొచ్చి కూర్చుని ఈ కథంతా చెప్పింది అప్పుడే. మిగతా ఇద్దరూ ఎవరి కథ వాళ్ళు తర్వాత విడివిడిగా చెప్పారు, మూడూ కలిసిన చోట్లే నేను నమ్మాను.

మేస్త్రీ మాట తప్పలేదు. సుద్ద గుర్తు ఉందని కబురు పంపగానే వచ్చాడు. ఈసారి స్కూటరు దిగాడు. గాడిలో స్క్రూ పీకి, కన్నం మీద అతుకు వేసి జిగురు పట్టించాడు. రేడియో కర్రని వంపు మీదికి మార్చి కొత్త వాషరుతో బిగించాడు. చుట్టుపక్కల ఎండిపోయిన వాషర్లు కూడా కొన్ని మార్చి, "జిగురు ఎండగానే ఒకసారి ఎక్కి, వేలితో నొక్కి చూసుకోండి. ఎక్కడైనా లేచినట్టుంటే పిలవండి" అని చెప్పి పోయాడు.

ఎక్కేదెవరన్నది మర్నాటి పేచీ. మామయ్య మోకాలు నీళ్ళ పరీక్షరోజునే పట్టేసింది. "నువ్వెక్కావంటే నేనే కాలు విరిచి కట్టు కడతాను" అంది పెద్దమ్మ. మేస్త్రీనే మళ్ళీ పిలుద్దామని ఆయన. పని చేసినవాడే పని బాగుందని చెబితే ఒప్పుకోనని ఆవిడ. వాళ్ళింకా మాట్లాడుతుండగానే అత్తయ్య మామయ్య రబ్బరు బూట్లు తొడుక్కుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, నిచ్చెన మొదటి మెట్టు మీద ఉంది.

"ఏమోయ్, ఎక్కడికి?" అన్నాడు మామయ్య.

"చూడ్డానికి."

నిచ్చెన ఎవరు పట్టుకోవాలన్నదానిమీద కింద మరో వాదన మొదలైంది. అది తేలేలోపు ఆవిడ పైకి చేరింది. స్క్రూల వరస మీద ఒక్కో అడుగూ వేసుకుంటూ కొప్పు దాకా వెళ్ళి, కర్ర పక్కన మోకాళ్ళమీద కూర్చుని, జిగురు పట్టించిన చోటల్లా బొటనవేలితో నొక్కి చూసింది. గట్టిగా ఉంది. వాషర్లు ఒక్కోటీ తిప్పి చూసింది. కదల్లేదు. పని అయిపోయింది.

కానీ దిగలేదు. ఆ ఇంటికొచ్చి ఇన్నేళ్ళయినా తన వీధిని పైనుంచి ఆవిడ ఎప్పుడూ చూడలేదు. కుట్టుపనివాళ్ళ మిద్దె మీద ఎవరో రంగురంగుల గుడ్డపీలికలు ఆరేశారు. నీళ్ళ తొట్టి అంచున పిల్లి నాలుగు కాళ్ళూ చాచి పడుకుంది. ఎదురింటి ముసలాయన అద్దం ముందు నిలబడి, ఎవరూ చూడట్లేదనుకుని, పళ్ళు ఇకిలించి చూసుకుంటున్నాడు. ఆ వెనక రేకులూ మిద్దెలూ దాటి ఎక్కడో రైలు పోతోంది, చప్పుడు లేకుండా.

"బాగుందా?" అని కిందనుంచి ఇద్దరూ ఒకేసారి అడిగారు.

"బాగుంది" అంది అత్తయ్య.

"మరి దిగు."

"ఇంకా చూస్తున్నాను" అని, కాళ్ళు వాలు మీదికి బారచాపుకుని, ఆవిడ అలాగే కూర్చుంది.